ఎవరివీ కాని సీతాఫలాలు

కోరుట్ల అంగట్లో గంప దించగానే రాజక్కను అందరూ అడిగే మాట ఒకటే: "ఎవలయి గీ పండ్లు?" రాజక్క జవాబూ ఒకటే: "ఎవలయో ఏమో బిడ్డా, గుట్టవి. తియ్యగున్నయి, తీస్కపో." ఏళ్ళ తరబడి ఇదే తంతు. కాయ తెంపింది తను, గంప మోసింది తను, అయినా నావి అని మాత్రం అనదు. అంటే నోట్లో ముల్లేమన్నా గుచ్చుకుంటుందా అని అడగొచ్చు మీరు. గుచ్చుకున్న కథే ఉంది, చెబుతాను.

రాజక్కది గొల్లపల్లి అవతలి ఊరు. పుట్టిందీ మెట్టిందీ అక్కడే. గుంటెడు భూమి లేని ఇల్లు. చిన్నప్పుడు వాళ్ళ గుడిసె వెనక ఒక చింతచెట్టు ఉండేది. ఒకనాడు దొరగారి గడి నుంచి ఒక మనిషి కాగితం పట్టుకొని వచ్చి, "ఈ చెట్టు ఎవనిదిరా?" అని అడిగాడు. వాళ్ళ నాయన, పాపం, ఛాతీ విరుచుకొని "మాదే" అన్నాడు. అంతే! ఆ ఏటి చింతపండంతా మూటలు కట్టించి, ఆయన నెత్తినే పెట్టి గడికి మోయించారు. ఆ సాయంత్రం తల్లి పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని, "కాయిదం పట్టుకొని అచ్చినోడు ఏదడిగినా మాది కాదనుండ్రి, బతుకుతరు" అని చెప్పింది. బడి ముఖం చూడని రాజక్కకు ఆ పాఠం మాత్రం ఒంటికి పట్టింది.

తర్వాత ఊరి పక్కన బొగ్గు పడింది. దొరల భూములు పోయాయి, వాటికి పైసలొచ్చాయి. గడి వారసుడు జగన్మోహన్ రావు జగిత్యాలలో రైస్ మిల్లు పెట్టుకున్నాడు. భూమి లేనివాళ్ళకు పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. బొగ్గు కంపెనీ ఓపెన్ కాస్ట్ బాయి, అంటే పైనుంచి తవ్వుకుపోయే గని, తవ్వి, తీసిన మట్టినంతా ఒక పక్కన దొరల పాత చేలల్లో పోసింది. పోయగా పోయగా అదొక గుట్టయింది. దాని మీద మొక్కలు నాటే కూలికి రాజక్క, వాడకట్టు శారద, ఇంకా కొందరు ఆడవాళ్ళు పోయేవారు.

మధ్యాహ్నం సద్ది తిన్నాక, కొంగులో కట్టుకొచ్చిన సీతాఫలాలు తినేవారు. గింజలు ఎటుపడితే అటు ఉమ్మేస్తుంటే రాజక్క ఊరుకునేది కాదు. "గుంత తీసే ఉన్నది గదనే, అండ్లనే ఉమ్మరాదు? పోతే ఏం పోయింది?" అని కసిరేది. సూపర్‌వైజర్ అటు తిరగగానే కంపెనీవారి కానుగ మొక్క పక్కన నాలుగు గింజలు పెట్టి, కాలితో మట్టి తోసేది. రెండు ఎండాకాలాలకు కానుగ మొక్కలు నీళ్ళు లేక మాడిపోయాయి. సీతాఫలానికి ఒకరు నీళ్ళు పోసేదేముంది! కొన్నాళ్ళకు గిట్టుబాటు కావడం లేదని బాయి మూసేశారు. గుంతలో నీళ్ళు నిలిచాయి, గుట్ట సీతాఫలం అడివైంది. భర్త రామస్వామి పోయాక రాజక్క కొడుకు ఆనంద్‌ను సాకిందీ, వాడికి డ్రైవింగ్ నేర్పించిందీ ఆ పండ్ల మీదే.

ఇప్పుడు ఆ బాయిని మళ్ళీ తెరవాలని కంపెనీ ఆలోచన. కిందటి ఎండాకాలం ఇద్దరు ఇంజినీర్లు వచ్చి గుట్టంతా కలియదిరిగారు. కట్టెలేరుకుంటున్న ఆడవాళ్ళను చూసి మర్యాదగానే అడిగారు: "అమ్మా, ఈ చెట్లు ఎవరివి? ఎవరైనా పెట్టారా?"

వాళ్ళ చేతిలో కాగితం ఉంది. ఇంకేముంది! రాజక్క నాలుక తనంతట తానే కదిలింది. "మాయి కావు సారూ. పిట్టలు ఏసినయి."

శారద ఇంకో మెట్టు ఎక్కింది. "మేం అసల్కే ఇటు రాము సారూ" అంది, నెత్తిన కట్టెల మోపుతో. వాళ్ళు నవ్వాపుకొని రాసుకొని వెళ్ళిపోయారు. గండం గడిచిందనుకున్నారు ఆడవాళ్ళు.

వానలు పడ్డాక, బాయి గురించి ప్రజాభిప్రాయ సేకరణ ఉందని ఊళ్ళో చాటింపు వేశారు. సిరిసిల్లలో ఇసుక లారీ నడిపే ఆనంద్ ముందురోజే ఇంటికి వచ్చాడు. కంపెనీ వేసిన ప్లాను ఏమిటో కనుక్కొని వచ్చి తల్లికి చెప్పాడు.

"ముందుగాల మట్టిగుట్టను తవ్వుతరంట. గా మట్టితోని పాత గుంత పూడుస్తరంట. దసరాకు ముందే మిషన్లు దిగుతయి."

"మరి చెట్లురా?"

"పిచ్చిచెట్లని రాసుకున్నరమ్మా. ఎవలయి కావంట."

దసరా అంటే కాయ కండ్లు విచ్చి పండుకొచ్చే కాలం. నా నోరు పడిపోను, నేనే కదా చెప్పింది అనుకొని రాజక్క చేతిలో ముద్ద పళ్ళెంలో వదిలేసింది. ఆనంద్‌కు ఇదేమీ తెలియదు. "బాయి తెరిస్తే నాకు డంపర్ మీద పని దొరుకుతది. ఇంటికాడ నీ చేతి బువ్వ తినుకుంట ఉంట. రేపు నువ్వచ్చి ఆగం చెయ్యకు, నీకు దండం పెడుత" అన్నాడు. రాజక్కకు కొడుకూ కావాలి, గుట్టా కావాలి. ఏం చేస్తుంది, తలూపింది.

మర్నాడు బడి ముందు షామియానా వేశారు. జగన్మోహన్ రావు లేచి, బాయి తెరిస్తే పిల్లలకు పనులు దొరుకుతాయని చక్కగా మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అందులో ఆనంద్ చప్పట్లూ ఉన్నాయి. కంపెనీ తరఫున వచ్చిన అధికారి ముందున్న కాగితాలు సర్దుకుంటూ, "ఇంకెవరైనా మాట్లాడతారా?" అన్నాడు.

రాజక్క లేచింది. శారద కొంగు పట్టి లాగింది, విడిపించుకుంది. మైకు ముందుకు పోయి నిలబడింది. అధికారి చేతిలో కాగితం వైపు చూడలేక జగన్మోహన్ రావు వైపు తిరిగింది.

"దొరా, ఒక్క మాట. గా భూమి మీకున్నప్పుడు ఆడ సీతాఫలం చెట్టు ఒక్కటన్న ఉండెనా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "లేకుండె రాజక్కా. అంతా జొన్నచేనే."

"మరి అప్పుడు పిట్టలు లేవా ఊళ్ళె?"

జనం గొల్లుమన్నారు. రాజక్క నవ్వలేదు. ఇప్పుడు అధికారి వైపు తిరిగింది.

"నేను అబద్ధం చెప్పిన సారూ. పిట్టలు ఏసినయి కావు. మేం కూలికి పోయినప్పుడు పెట్టినం. గవి మాయి."

"మరి మా వాళ్ళు అడిగితే మావి కావన్నారట కదమ్మా?"

"కాయిదం చూసి భయమైంది సారూ. మాది అంటే నెత్తిన పెట్టి మోపిస్తరని మమ్ముల కన్న అవ్వ చెప్పింది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "బాయి వద్దంటలేను. నా కొడుక్కు సుత పని గావాలె. తవ్వుతె తవ్వుండ్రి. ఎవలయి కావని మాత్రం రాయకుండ్రి."

శారద లేచి నిలబడింది. ఆమె వెనక మిగతా ఆడవాళ్ళూ లేచారు. జగన్మోహన్ రావు తల వంచుకొని కూర్చున్నాడు. అధికారి పక్కవాళ్ళతో మాట్లాడి, ఆమె మాట ఉన్నదున్నట్టు రాసుకుంటామనీ, ఈ ఏటి కాపు జోలికి రామనీ, గుట్టను చివర తవ్వేలా ప్లాను మార్చమని అడుగుతాననీ చెప్పాడు. కొత్త మట్టి పోసినచోట మొక్కలు నాటే పని ఈ ఆడవాళ్ళకే ఇవ్వాలని కూడా రాయించాడు. ఇవాళ కాకపోతే ఇంకో నాలుగేళ్ళకైనా ఆ గుట్ట పోయేదే. రాజక్క అంత అమాయకురాలేం కాదు, ఆ సంగతి ఆమెకు తెలుసు.

కొడుకు తిడతాడని భయపడుతూనే ఇంటిదారి పట్టింది. ఆనంద్ ఆమె కంటే నాలుగడుగులు ముందు నడిచాడు. తర్వాత ఆగాడు.

"గవి నువ్వు పెట్టిన చెట్లని నాకు సుత చెప్పలేదేందే?"

రాజక్క బిత్తరపోయింది. ఎవరితోనూ అనని మాట, కడుపున పుట్టినవాడితో కూడా అనలేదని అప్పుడే తెలిసివచ్చింది. "నువ్వు అడగకపోతివి" అంది చిన్నగా.

దసరా అయిపోయిన మరుసటి వారం కోరుట్ల అంగట్లో ఆనందే గంప దించాడు. ఒకామె వంగి, "ఎవలయి గీ పండ్లు?" అని అడిగింది.

"ఎవలయో..." అని అలవాటుగా మొదలుపెట్టి రాజక్క ఆగిపోయింది. కొడుకు వైపు చూసింది.

"మాయి బిడ్డా. నేను పెట్టిన చెట్లయి."

ఆ కొనే ఆమెకేం పట్టింది! రెండు పండ్లు నొక్కి చూసి, మెత్తగా ఉన్నవి సంచిలో వేసుకొని పోయింది.