గోడవతల బాబాయి

మా బాబాయి ఎవరేం చెప్పినా "ఆయ్" అనేవారు. పిన్ని పోయాక ఇంట్లో చెప్పేవాళ్లు లేక ఆ "ఆయ్" కూడా అరుదైపోయింది. ఆ ఏడే ఎందుకో ఒక గుర్రప్పిల్లను కొన్నారు. దాన్ని నేనెక్కుతానని పేచీ పెడితే, నాకూ దానికీ నేర్పగలిగే మనిషి కోసం వెతకడం మొదలుపెట్టారు.

కొత్తపేట నుంచి వచ్చినాయన రాగానే తాడు పట్టి గుంజాడు. అంబాజీపేటాయన మొదటిరోజే నన్ను ఎక్కించబోయాడు. ఇద్దరికీ కాఫీ ఇచ్చి, "కబురు చేస్తానండీ" అని పంపేశారు.

తర్వాత వచ్చినాయన కొబ్బరితోటలో కూర్చుని, చాలాసేపు ఊరికే మమ్మల్ని చూశాడు. లేస్తూ బాబాయితో అన్నాడు:

"మీరు కనపడితే అది మీకేసే చూస్తందండి. పాప కూడా మీకేసే చూస్తంది. నేర్పినన్నాళ్లూ మీరు తోటలోకి రాకూడదండీ."

పొద్దస్తమానం ఆ గుర్రప్పిల్లతో కబుర్లే బాబాయికి మిగిలిన కాలక్షేపం. దాని మెడ నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఆయ్. రేపట్నుంచే రండి" అన్నారు.

కొన్ని నెలలకి గుర్రం నా మాట విని తోటంతా పరుగుతీసింది. దిగి, బాబాయికి చెబుదామని పరిగెత్తాను. ఆయన తోట గోడవతల, ఒలిచేసిన కొబ్బరి డొక్కల గుట్టపక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"బాబాయ్, చూశారా?"

"లేదమ్మా, విన్నాను. రోజూ ఆ మలుపు దగ్గర దాని అడుగు తడబడేది. ఇవాళ తడబడలేదు."