తూర్పు గోడ తప్పిపోయిన బొమ్మరిల్లు

ఆ రోజుల్లో నా తెలివి మీద నాకు గొప్ప నమ్మకం ఉండేది. ఇంకెవరికీ లేనందువల్ల ఆ బరువంతా నేనొక్కడినే మోయవలసి వచ్చేది. తొమ్మిదో తరగతిలో చదువూ నేనూ విడిపోయాం. (నన్ను వదిలించుకున్నాక చదువు సుఖంగానే ఉందని విన్నాను.) తర్వాత పామిడిలో ఒక మేస్త్రీ దగ్గర చేరి కొత్త ఇళ్లకు వైరింగు చేయడం నేర్చుకున్నాను. మా పనిలో గోడల పేర్లు దిక్కులే. "తూర్పు గోడకు గాడి కొట్టు" అంటే చాలు, ఇంకేమీ చూడకుండా కొట్టేసేవాణ్ణి. ఇల్లన్నాక కట్టినచోటే ఉంటుందని నా ధైర్యం.

అప్పుడు అక్కా, మేనకోడలూ మా ఇంట్లోనే ఉండేవారు. బావకు గుంతకల్లు రైల్వేలో ఉద్యోగం. వచ్చినప్పుడల్లా కాస్త కాస్త చేసి, ప్లైవుడ్ ముక్కలతో కూతురికి ఒక బొమ్మరిల్లు కట్టిపెట్టాడు. ఒక కొసన వంటిల్లు, మధ్యన పడకగది, ఇంకో కొసన స్నానాల గది. బొమ్మలు పెట్టుకోవడానికి ముందువైపు గోడ లేకుండా వదిలేశాడు. ఇంకో రెండు రోజుల్లో బడిలో ప్రదర్శన. తన ఇంట్లో నిజం లైటు వెలుగుతుందని పాప క్లాసు మొత్తానికి చాటింపు వేసి వచ్చింది.

"మామా, వంటింట్లోనే వెలగల్ల. అమ్మబొమ్మ ఆడనే దోసెలు పోస్తాది. వెలగకపోతే అందరూ నన్ను చూసి నవ్వుతారు."

"ఊరందరి ఇండ్లకు కరెంటు పెట్టేటోణ్ణి, నీ బొమ్మకు పెట్టలేనా పాపా?" అన్నాను.

మర్నాడు పొద్దున్నే వసారాలో పని మొదలుపెట్టాను. వైరు వేయడం ఎంతసేపు, ముందు గోడను సిద్ధం చేయడమే అసలు పని. వంటింటి గోడ తూర్పున ఉంది. దాని బయటివైపు పెన్సిలుతో గీత గీశాను. తర్వాత గోడలన్నీ ఉప్పుకాగితంతో గరగరా రుద్ది నున్నగా చేశాను. గీత కూడా నున్నగా పోయింది. (ముందు రుద్ది తర్వాత గీయాలని ఇప్పుడు మీకు తోచినంత సులువుగా అప్పుడు నాకు తోచలేదు.) పోతే పోయింది, తూర్పు గోడని గుర్తుంది కదా అనుకుని, బుల్లి బల్బూ సన్న వైరూ బ్యాటరీ స్విచ్చూ తేవడానికి బజారుకు పోయాను. తిరిగొచ్చేసరికి దుమ్ముగాలి లేచింది. బొమ్మరిల్లు లోపలి గదిలో, నావైపు వీపు పెట్టి, గోడకు ఆని ఉంది. నా పని బయటినుంచే కాబట్టి నాకేం అనిపించలేదు. తూర్పు గోడ చూసుకున్నాను. గాడి కోశాను, బెజ్జం వేశాను, బల్బు మూతి లోపలికి దూర్చాను. వైరు పరిచి స్విచ్చుకు కలిపి, గాడి పూడ్చడానికి పైన లప్పం పూసి, రంగుకాగితం అంటించి, నన్ను నేనే మెచ్చుకున్నాను.

సాయంత్రం పాప బడినుంచి పరిగెత్తుకొచ్చి ఇల్లు ఇటు తిప్పుకుని స్విచ్చు వేసింది. వంటిల్లు కటిక చీకటి. స్నానాల గది ధగధగా వెలిగిపోతోంది.

"మామా, దోసెలు స్నానాల గదిలో పోస్తారా?"

నాకు బుర్ర పని చేయలేదు. వేసింది తూర్పు గోడకే. పొద్దున తూర్పున ఉన్న వంటిల్లు ఎటు నడిచిపోయింది? ఇంటిని ఎత్తుకుని వసారాలోకి పోయి సూర్యుణ్ణి చూశాను. ఇటు తిరిగాను, అటు తిరిగాను. నేను తిరిగినప్పుడల్లా నా చేతుల్లో తూర్పు గోడ మారిపోతూనే ఉంది.

మా అమ్మ చూసి, "ఏమప్పా, ఇల్లెత్తుకోని ప్రదక్షిణాలు చేస్తాండావు?" అంది.

"మా, ఈ ఇంటికి తూర్పు యాడుండాది?"

"నాకేం తెలుసు? దుమ్ము పడతాదని లోపలికి తెచ్చినా. ఊడ్చేటప్పుడు అడ్డమొస్తాంటే అట్ల తిప్పి పెట్టినా."

"తిప్పినప్పుడు చెప్పద్దా?"

"ఇల్లు తిరిగితే కరెంటోనికి తెలియద్దా?"

లప్పం రాయిలా బిగిసింది. పీకితే వైరు తెగుతుంది, అలాంటి బల్బు బజారులో ఇంకొకటి లేదు. "రేపు నేనేం చెప్పల్ల వాళ్లకి?" అని పాప కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ ఇంటి ముందే చాలాసేపు కూర్చుని అది ఏదో ఆలోచించింది.

మర్నాడు ఇల్లు మోసుకుని నేనూ బడికి వెళ్లాను. వాళ్ల సారు వంగి చూసి, "వంటిల్లు చీకటిగా ఉందేమ్మా?" అన్నాడు. నేను కిటికీలోంచి ఎటో చూడసాగాను.

పాప తడుముకోలేదు. "వంటయిపోయింది సార్. అమ్మ స్నానానికి పోయింది. మనిషి లేని గదిలో లైటెందుకు?"

చూస్తే అమ్మబొమ్మ నిజంగానే స్నానాల గదిలో ఉంది. కరెంటు ఎలా పొదుపు చేయాలో చూడండని సారు పిల్లలందరినీ పిలిచి చప్పట్లు కొట్టించాడు. నేనూ కొట్టాను, నా తప్పుకా, దాని తెలివికా అన్నది మాత్రం నాకు తేలలేదు.

ఇప్పుడు ఆ పాప అనంతపురంలో డిగ్రీ చదువుతోంది. మొన్న నేను కట్టుకుంటున్న సొంత ఇంట్లో, కొత్త గోడ ముందు పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను. తూర్పు మీద అంత గట్టి నమ్మకమున్న ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇప్పుడు నాకు దేని మీదా అంత నమ్మకం లేదు. సెలవులకొచ్చిన పాప గుమ్మంలోంచి నన్నే చూస్తోంది.

"మామా, గీసేముందు ఒకసారి అవ్వనడుగు, పొద్దున ఈ ఇల్లు గాని ఊడ్చిందేమో!"