చేపు వచ్చిన పూట

పాలిచ్చే తల్లులకు ధైర్యం చెప్పడం నా ఉద్యోగం. ప్రొద్దుటూరులో శిక్షణ ముగించుకుని పులివెందులలోని ఒక చిన్న ఆసుపత్రిలో చేరిన కొత్త రోజులవి. నాకు మొదటినుంచీ నోరు ఎక్కువ, అందుకే ఈ పని ఇచ్చుంటారని జమ్మలమడుగులో మా అమ్మ నవ్వేది. పాలు ఎలా ఊరతాయో, మెదడు నుంచి రొమ్ముకు కబురు ఎలా వస్తుందో బొమ్మలు వేసి మరీ చెప్పేదాన్ని. బాలింతలు బుద్ధిగా తలాడించేవాళ్లు. నేనటు తిరగ్గానే డబ్బా పాలు కలిపేవాళ్లు. ఒళ్లు మండిపోయేది.

ఆ పూట తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ కుదురుగా కూర్చోలేను.

తొండూరు నుంచి వచ్చిన పిల్ల. తొలి కాన్పు, ఆడబిడ్డ పుట్టి మూడో రోజు. మంచం చుట్టూ అత్త, ఇద్దరు పిన్నత్తలు, బిడ్డను చూసిపోదామని వచ్చిన ఊరివాళ్లు. అత్త చేతిలో స్టీలు గ్లాసు. కోడలి రొమ్ము పిండి, గ్లాసు వంచి అందరికీ చూపిస్తోంది.

"చూడండమ్మే, అడుగు గూడా తడవల్యా. బిడ్డ గొంతెండి ఏడుస్తాంది, ఈ పిల్లకు పాలు యాడుండాయి?"

ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. దగ్గరికి పోతే, "నాకు పాలు లేవంట సిస్టరమ్మా" అంది, దొంగతనం ఒప్పుకున్నంత మెల్లగా. భర్త అప్పటికే పాలపొడి డబ్బా కోసం మందుల షాపుకు పోయాడు. డబ్బా తెరిస్తే బిడ్డ కడుపు దాంతోనే నిండుతుంది. ఇక రొమ్ము పట్టదు. పట్టకపోతే పాలు ఊరవు. చివరికి 'ముందే చెప్పినాం గదా' అని అందరూ ఆ పిల్లనే అంటారు. ఎన్ని మంచాల దగ్గర చూశానో ఈ తంతు! అతను తిరిగొచ్చేలోపే ఏదో ఒకటి చేయాలి.

పాలను గ్లాసుతో కొలవకూడదన్నాను. చేతికి రాని పాలు బిడ్డ నోటికి వస్తాయన్నాను. అత్త వింటేగా! మధ్యలో ఆమె ఫోను మోగింది. ఊళ్లో ఆమె గేదెను చూసుకుంటున్న పక్కింటావిడ, అది పాలివ్వడం లేదని చేసింది. ఈమె గొంతు వార్డంతా వినిపించింది.

"ఏంది, ఇయ్యల్యా? కొత్త చెయ్యి గదమ్మే, పాలు దిగనీకుండా ఎగజేపుతాంది. దాన్ని అదిలించాకు, శానా బెదురుతాది. ఆడ మూగిండే పిల్లోళ్లను ముందు అవతలికి తరుము. కుడితి పెట్టు. మెల్లగా వీపు నిమురు. దూడను ఇడువు, నాలుగుసార్లు కుమ్మనీ. పాలు యాడికి పోతాయి? చేపు రానీ!"

చేపు అంటే పొదుగులోకి పాలు దిగడం. నేను చెప్పి చెప్పి అలిసిపోయిన పాఠమే అది, అక్షరం పొల్లుపోకుండా!

"పెద్దమ్మా!" అని అరిచాను. వార్డులో అరవకూడదని బోర్డు పెట్టించింది నేనే. "ఎనుముకు చెప్పినావే, అదే నీ కోడలికీ చెయ్యి. ఇంతమంది మూగి ముందర గ్లాసు పట్టుకుంటే ఏ ఎనుమన్నా చేపుతాదా?"

పిన్నత్తలు బుగ్గలు నొక్కుకున్నారు. కోడల్ని గొడ్డుతో పోల్చానని అత్త మీదికి వస్తుందనుకున్నాను. ఆమె నన్నూ గ్లాసునూ మార్చి మార్చి చూసింది. తర్వాత చూడాలి ఆమెను! "లెయ్యండి, లెయ్యండి! ఈడేమన్నా తోలుబొమ్మలాట ఆడిస్తాండామా?" అని అందర్నీ బయటికి తోలి తలుపేసింది.

కోడలికి వెచ్చగా రాగి గంజి తాగించింది. నేను బిడ్డ బట్టలు విప్పి తల్లి ఎదమీద పడుకోబెట్టి, నోరు బాగా తెరిచాక చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా ఎలా అందించాలో చూపించాను. అత్త వెనక కూర్చుని కోడలి వీపు నిమరసాగింది.

బిడ్డ పట్టింది, వదిలేసింది. మళ్లీ పట్టి వదిలేసింది. ఈసారి గట్టిగా పట్టింది. కాసేపు గబగబా చప్పరించింది, తర్వాత నిదానించింది. గుటుక్కుమని చప్పుడు. మళ్లీ గుటుక్కు!

"అత్తా, ఈ రెండో పక్క గుడ్డంతా తడిసిపాయ!"

"చేపొచ్చింది" అంది అత్త, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. నేనైతే చిన్నపిల్లలా గంతులేశాను, అదీ డ్యూటీలో.

తలుపు తోసుకుని భర్త వచ్చాడు, చేతిలో డబ్బా. "నీళ్లు యాడ కాంచాల?" అన్నాడు. నేను చెప్పబోయాను, అత్తా చెప్పబోయింది. మాకంటే ముందు ఆ పిల్లే తలెత్తింది. ఆమె గొంతు అంత గట్టిగా వినడం నాకదే మొదలు.

"దాన్ని తిరిగిచ్చిరాపో. నా బిడ్డకు పాలు నాకాడుండాయి."