పన్నెండు చుట్లు

మా ఆయన గురించి చెప్పమంటే నాకు ముందు కోపమే వస్తుంది. ముప్పై నాలుగేళ్లు ఊళ్లో వీధి వీధికీ కుళాయి నీళ్లు వదిలిన మనిషి, సొంతింటికి ఒక్క బిందె ఎక్కువ పట్టనివ్వలేదంటే మీరు నమ్ముతారా? మాది మిట్ట మీద, గొట్టానికి చిట్టచివరి ఇల్లు. మా దాకా వచ్చేసరికి నీళ్లకి కూడా ఆయాసమే. "మీ ఆయన చేతిలో పనేగా, ఓ పది నిమిషాలు ఎక్కువ వదలమనవే" అని మా వీధి ఆడవాళ్లు నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాళ్లు. నేను ఆయన్ని పోరేదాన్ని. ఆయన గోడ గడియారం వంక చూసి, "మన వీధికి నలభై నిమిషాలు. నలభై ఇచ్చాను" అనేవారు. ఇంక మాట్లాడితే ఒట్టు.

ఆయన పని చూడ్డానికి తేలిగ్గానే ఉంటుంది. రోడ్డు మీది ఇనుప మూత ఎత్తాలి, నిలువెత్తు ఇనుప రాడ్డు గుంతలోని వాల్వు మీదికి దించాలి, పైనున్న అడ్డపిడి రెండు చేతులా పట్టుకుని తిప్పాలి. ఎడమకి తిప్పితే తెరుచుకుంటుంది, కుడికి తిప్పితే మూసుకుంటుంది. ఏ వాల్వుకి ఎన్ని చుట్లో లెక్కుంది. ఆ లెక్క పైకే అనుకుంటూ తిప్పి, చివర్లో రాడ్డుకి చెవి ఆనించి వింటారు. నీళ్లు పారుతుంటే రాడ్డు గురగురమంటుంది, ఆగిపోతే ఉలుకూ పలుకూ ఉండదు. నడిరోడ్డు మీద ఇనుప రాడ్డుతో రహస్యాలు మాట్లాడుతున్నట్టుండే ఆ మనిషిని చూసి పెళ్లైన కొత్తలో నేను పడీ పడీ నవ్వాను. ఊరంతా ఆయన్ని "నీళ్లాయన" అనేవాళ్లు. అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు.

వాళ్ల ఆఫీసులో ఒక పద్ధతుంది. జాతీయ దినం నాడు జెండా ఎగరేసేది పెద్ద ఇంజనీరు కాదు. ఆ ఏడాది రిటైరయ్యేవాళ్లలో అందరికంటే పాత పనివాడు. మా ఆయన అప్పటికి ఒక్కసారి కూడా ఆ జెండా ఎగరడం కళ్లారా చూడలేదు. జాతీయ దినమైనా జనానికి నీళ్లు కావాలిగా! ముప్పై మూడేళ్లూ ఆ టైముకి పల్లపు కాలనీ వాల్వు దగ్గరే, అదొక్కటి మాత్రం గుంతలోకి దిగి తిప్పాలి. అక్కడికి ఆఫీసు మైకు వినిపిస్తుంది. జాతీయ గీతం మొదలవగానే రాడ్డు వదిలేసి గుంతలోనే నిటారుగా నిలబడేవారట. ఒకసారి ఆటోవాడు చూసి, ఈయనకి నడుం పట్టేసిందనుకుని పైకి లాగబోయాడట.

ముప్పై నాలుగో ఏట ఆయన వంతొచ్చింది. అబ్బో, ఆ నెల మా ఇంట్లో చూడాలి! పెరట్లో దండేనికి తువ్వాలు ముడేసి, ఒక్క లాగుకి విడిపోతుందా లేదా అని రోజూ సాధన. ముడి బిగుసుకుపోయినప్పుడల్లా నేను నవ్వడం, ఆయన మూతి ముడుచుకోవడం. తెల్ల చొక్కా కుట్టడానికిచ్చారు. నేను ఊరుకుంటానా? మా ఆడపడుచుకి ఫోన్ చేసి, "మీ అన్నయ్య జెండా ఎగరేస్తున్నారు, ఇంటిల్లిపాదీ రండి" అని చెప్పాను. మా వీధిలో చెప్పని గడప లేదు. నీళ్లు ఎక్కువ రాకపోతేనేం, గొప్ప వచ్చింది చూడండే అన్నట్టు తిరిగాను.

ఇంకో పది రోజులుందనగా ఊళ్లో నీళ్లు ఆగిపోయాయి. తెల్లారేసరికి ట్యాంకు అడుగంటా ఖాళీ. రెండు రోజులు ఊరంతా అల్లాడిపోయింది. ఆసుపత్రిలో బకెట్లతో మోసుకున్నారు. ఆఫీసులో ఎంక్వయిరీ పెట్టి, ట్యాంకు వాచ్‌మనే కారణమని తేల్చారు. ట్యాంకు కడిగే గొట్టం తెరిచి మర్చిపోయాడని, సంజాయిషీ బాగోకపోతే ఉద్యోగం తీసేస్తామని కాగితమిచ్చారు. వాడు మా గుమ్మంలో కూర్చుని, "ఆ గొట్టం జోలికే పోలేదు వదినా, పిల్లల మీద ఒట్టు" అని ఏడ్చాడు. పాపం అనిపించింది. కానీ నిజం చెప్తున్నా, వాడు కాస్త మర్చిపోయే మనిషే కదా అని కూడా అనుకున్నాను.

మూడో రోజు ట్యాంకు నిండింది, నీళ్లు వదిలారు. ఆ సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా మెట్టు మీద కూలబడ్డారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వాచ్‌మన్ కాదే, నేను" అన్నారు.

"ఏంటి మీరు?"

"ట్యాంకు ఖాళీ చేసింది నేను."

అప్పుడు చెప్పారు. కాలనీ లైనుకి కొత్త వాల్వు పెట్టారట. అది మిగతావాటికి ఉల్టా. కుడికి తిప్పితే తెరుచుకునే రకం. బిగించినవాడు చెప్పే వెళ్లాడట. నీళ్లు ఆగిపోయిన ముందు రోజు సాయంత్రం ఈయన చేతులు ముప్పై నాలుగేళ్ల అలవాటు కొద్దీ కుడికే తిప్పేశాయి. కొత్త వాల్వుకి మొత్తం ఇరవై నాలుగు చుట్లు. ఆ ఏడు వానల్లేవు కదా, నీళ్ల పొదుపుకి సగమే, పన్నెండు చుట్లే తెరిచి పెట్టి వెళ్లాడు బిగించినవాడు. మూస్తున్నాననుకుని ఈయన పన్నెండు తిప్పేసరికి అది పూర్తిగా తెరుచుకుని బిగిసి ఆగింది. లెక్క సరిపోయింది! మూసుకుందనుకున్నారు. కాలనీ చివర కుళాయిలకి కట్టేసే పిడులుండవు. నీళ్లన్నీ తెల్లవార్లూ మురుగుకాలవ పాలయ్యాయి. కాలనీవాళ్లు, ఇవాళ భలే వస్తున్నాయే అని సంబరంగా పట్టుకున్నారు. ఎక్కువొస్తే ఫిర్యాదు చేసేవాడెవడు?

"మరి రాడ్డుకి చెవి పెట్టి వింటారుగా?"

ఆయన తల వంచుకున్నారు. "ఆ రోజు వినలేదే. టైలరు షాపు మూసేస్తాడని పరిగెత్తాను. ఇవాళ విన్నాను. మూసిన తర్వాత కూడా గురగురమంటోంది. ఎడమకి తిప్పాను. ఇరవై నాలుగు చుట్లకి ఆగింది."

చొక్కా కోసం! ఆ చొక్కా కోసం! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ తర్వాత నేనన్న మాట మీకు చెప్పకుండా దాచుకోవచ్చు. కానీ ఆ మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసి దాస్తే బాగుండదు. "నోరు మెదపకండి" అన్నాను. "సరిచేశారుగా, ఇంక ఎవరికీ తెలియదు. వాచ్‌మన్‌ని మళ్లీ తీసుకుంటారు లెండి. వారం పోతే జెండా. మీ చెల్లెలు టిక్కెట్లు కూడా కొనేసింది. నా పరువేం కాను?"

ఆయన నా మీద అరవలేదు. అరిచినా బాగుండేది. "వాడి ఉద్యోగం తీసేసి, నేనక్కడ నిలబడి ఆ తాడు లాగాలా? ఏ మొహంతో పైకి చూడనే?" అన్నారు. దేశభక్తి మీద రెండు ముక్కలు మాట్లాడమంటే నాలుక తడారిపోయే మనిషి. ఆయన నోట నేను విన్న ఉపన్యాసం అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్లి, జనం ఫిర్యాదులు రాసే పుస్తకంలో తన మీద తానే ఫిర్యాదు రాశారు. తేదీ, వాల్వు, ఎన్ని చుట్లు, ఎటు తిప్పిందీ, ఎందుకు వినలేదూ, అన్నీ. టైలరు సంగతి కూడా. ఇంజనీరు తల పట్టుకుని, "పెద్దాయనా, రిటైరయ్యే ముందు ఇదేం పని? మీ మీద చర్య తీసుకోక తప్పదు. జెండా మీ చేత ఎగరేయించలేను" అన్నారట. "అలాగే సార్. ముందు వాచ్‌మన్ కాగితం వెనక్కి తీసుకోండి" అని, ఆ కాగితం చింపేదాకా అక్కడే నిలబడ్డారట ఈయన.

నేను రెండు రోజులు మాట్లాడలేదు. కంచం ఠంగుమని పెట్టడం, తలుపు దభాలున వేయడం, అన్నీ చేశాను. ఆయన దండెం మీది తువ్వాలు ముడి విప్పి, మడతపెట్టి లోపల పెట్టారు. అది చూశాక మాత్రం వంటింట్లోకి వెళ్లి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను.

జాతీయ దినం వచ్చింది. కాలనీ వాల్వుకి ఎప్పటిలాగే ఆయనే. రాడ్డు భుజాన వేసుకుని బయల్దేరుతుంటే, "ఆగండి" అని తెల్ల చొక్కా తెచ్చిచ్చాను. "గుంతలోకా? మాసిపోతుందే" అన్నారు. "మాసిపోతే ఉతికేది నేనేగా, తొడుక్కోండి" అని కసిరి, నేనూ వెంట నడిచాను. అన్నేళ్లలో ఆయన పని చేసే చోటికి నేను వెళ్లడం అదే మొదలు.

అక్కడ ఇస్త్రీ యూనిఫారంలో వాచ్‌మన్ ఉన్నాడు, చేతులు కట్టుకుని. "ఆఫీసుకి పోరా, అక్కడ నిలబడాలి నువ్వు" అన్నారాయన. "నేనిక్కడే నిలబడతానన్నా" అన్నాడు వాడు. ఆయన గుంతలోకి దిగి రాడ్డు దించి, "కుడికి" అని పైకే అని, ఒకటి, రెండు అని మొదలుపెట్టారు. పన్నెండు కాగానే చెవి ఆనించి విని, నన్ను పిలిచారు. నేనూ వంగి చెవి పెట్టాను. లోపల నీళ్లు పరిగెడుతున్నాయి. అంతలోనే కాలనీలో బిందెల చప్పుడు మొదలైంది.

అప్పుడే మైకులో పాట వినిపించింది. ఆయన మోకాళ్ల దాకా గుంతలో, తెల్ల చొక్కా మీద రెండు బురద మరకలతో నిటారుగా నిలబడ్డారు. ఒడ్డున వాచ్‌మన్, పక్కన నేను. కాలనీలో ఓ ముసలమ్మ మమ్మల్ని చూసి బిందె కింద పెట్టి తనూ నిలబడింది. ఆమెని చూసి ఇంకో ఇద్దరు.

ఇంటికొచ్చీ రాగానే మా ఆడపడుచుకి ఫోన్ చేశాను. అంతకుముందు, ఆయనకి జ్వరం, మీరు రావద్దని అబద్ధమాడి ఉన్నాను. "ఇదిగో అమ్మాయ్, మీ అన్నయ్యకి జ్వరమేం లేదు. జెండా ఆయన ఎగరేయలేదు" అన్నాను.

"అయ్యో, ఏమైంది వదినా?"

"కూర్చో, మొదట్నుంచీ చెప్తాను" అన్నాను. ఆ తర్వాత వీధిలోకి వెళ్లి, ముందు ఏయే గడపల్లో గొప్పలు చెప్పుకున్నానో ఆ గడపలన్నీ ఎక్కి, ఇదీ చెప్పొచ్చాను.