గోడ కింది పేరు

వినుకొండ చుట్టుపక్కల గోడల మీద రాతల్లో చాలావరకు జాన్ బాషావే. అలాగని అడిగిన ప్రతి పనీ ఒప్పుకునే మనిషి కాదు. బ్రాందీ షాపులకు రాయనన్నాడు. ఇంకో పెయింటరు రాసింది వెలిసిపోకముందే దాని మీద సున్నం కొట్టమంటే, ఎంత పెద్ద కంపెనీవాడైనా సరే, పొమ్మన్నాడు.

"వచ్చే పనే అంతంతమాత్రం. అందులో ఏరుకోడం ఒకటి, నవాబుగారికి!" అని భార్య జైతున్‌బీ దెప్పిపొడిచేది.

"మనసొప్పనిది రాస్తే చెయ్యి వణుకుద్దే," అని నవ్వేసేవాడు.

విత్తనాల కంపెనీలకు మాత్రం సంతోషంగా రాసేవాడు. పత్తిగింజ సంగతి రాయడంలో తప్పేముంది? తెల్లటి సున్నం మీద పగిలిన పత్తికాయ, పక్కన రైతు, అన్నిటికన్నా కింద 'జాన్ ఆర్ట్స్, వినుకొండ' అని తన పేరు. చెంచురామయ్య ఇంటి గోడ మీదా అలాగే రాశాడు. చెంచురామయ్య కౌలు రైతు. ఆ గింజే తెచ్చి వేశాడు. చెట్టు ఏపుగా మనిషెత్తు లేచింది గానీ, కాయ పట్టలేదు. గింజలమ్మిన కొట్టువాడు తప్పు వానల మీదకు నెట్టేశాడు. కంపెనీవాళ్లు పత్తా లేరు. చెంచురామయ్యకు దొరికిన పేరు గోడ కిందున్నదొక్కటే. వినుకొండ వచ్చి బాషా అరుగు మీద కూర్చున్నాడు.

"కింద నీ పేరుంది గదరా, బాషా. నిన్ను చూసే వేశాను."

"రాసినోడి పేరు బాబాయ్ అది. పూచీ కాదు."

"ఎవడి పేరుంటే వాడిదే గదరా పూచీ?"

ఆ మాటన్నాక పోట్లాడలేదు. జైతున్‌బీ ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు. తిట్టిపోసినా బాగుండేదనిపించింది బాషాకి.

మళ్లీ రోహిణీ కార్తె ఎండల్లో అదే కంపెనీ మనిషి కొత్త గింజ పేరుతో వచ్చాడు. అప్పటికి గుంటూరులో ఫ్లెక్సీ మిషన్లు దిగాయి, షాపుల బోర్డులన్నీ అటు పోయాయి. చేతికి మిగిలింది గోడలే. ఈసారి జైతున్‌బీ దెప్పలేదు. మొగుడి మొహం చూసింది.

"రాస్తాను గానీ, నా పేరు పెట్టనండీ," అన్నాడు బాషా.

"మీ పేరు మాకెందుకండీ?" అన్నాడు కంపెనీ మనిషి.

చెంచురామయ్య ఊళ్లో ఆయన గోడ ఒక్కటీ వదిలేసి పోదామనుకున్నాడు బాషా. ఆయనే అడ్డంపడ్డాడు.

"మా గోడ నీకు కనపళ్లేదేంట్రా? మట్టిగోడ. సున్నం పడితే ఈ వానలకి నిలబడుద్ది."

కాదనలేక రాశాడు. చెంచురామయ్య నులకమంచం తెచ్చుకుని వెనకాలే కూర్చున్నాడు. బాషా కుంచె కడుక్కుంటుంటే లేచి దగ్గరికొచ్చాడు.

"ఏరా, పేరు పెట్టలేదే?"

"ఈసారి పెట్టట్లేదు బాబాయ్."

"అంటే ఇదీ దొంగ గింజేనా?"

"నాకేం తెలుసు! వేరేది ఏదన్నా చూసుకో, నా మాట విను."

"కొట్లో అరువుకిచ్చేది ఇదొక్కటేరా. ఏది చూసుకోమంటావు?"

బాషా కుంచె విదిలించి గుడ్డకు తుడిచాడు.

"ఎటూ వెయ్యక తప్పదు. నీ పేరుంటే కాస్త ధైర్యంగా ఉంటది. పెట్టు," అన్నాడు చెంచురామయ్య, బతిమాలుతున్నట్టు.

కడిగిన కుంచెను బాషా మళ్లీ రంగులో ముంచాడు. అతను 'వినుకొండ' అన్న మాట పూర్తి చేసేలోపే చెంచురామయ్య కండువా దులిపి భుజానేసుకుని, గింజల కొట్టు వైపు నడిచాడు.