సగం చుట్టు బిగించాను

నా బీరువా సొరుగులో ఒక పానా ఉంది. ఆరేళ్లుగా ఉంది. అది నాది కాదు. అది అక్కడికెలా వచ్చిందో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మాది పుప్పాలగూడలో ఒక అపార్ట్‌మెంటు. వేసవిలో బోరు ఎండిపోతే యాదగిరి నీళ్ల ట్యాంకరు తెచ్చేవాడు. దాన్ని లాగేది ఒకప్పుడు పొలం దున్నిన పాత ట్రాక్టరు. స్టీరింగు పావు చుట్టు తిప్పినా ముందు చక్రాలు కదిలేవి కావు.

"ఇది జర సోమరిది సార్. ముందుగాల చెప్పి పెట్టాలె," అని నవ్వేవాడు.

ఆ పావు చుట్టు ఎక్కడికి పోతోంది? అదే నాకు పట్టుకుంది. పత్రికలో ముప్పై ఏళ్లు పనిచేసిన అలవాటు, ఎక్కడ, ఎందుకు అన్నది తేలందే స్థిమితం ఉండదు. ట్యాంకరు నీళ్లు సంపులోకి దిగేలోపు యాదగిరి చేత స్టీరింగు ఊపించి, కింద కడ్డీల కీళ్లు ఒక్కొక్కటే పట్టుకుని చూశాను. ఏదీ వదులుగా లేదు. పైనుంచి వచ్చే కడ్డీ తిరుగుతోంది, కిందివి కదలడం లేదు. అంటే లోపం మధ్యనున్న స్టీరింగు బాక్సులో. దాని మీద ఒక స్క్రూ, దానికో నట్టు.

"దాని జోలికి పోకుండ్రి సార్. మెకానిక్ చూడాలె," అన్నాడు.

మర్నాడు అతను చాయ్ తాగడానికి వెళ్లినప్పుడు టూల్ బాక్సులోంచి పానా తీశాను. నట్టు వదులు చేసి, స్క్రూను సగం చుట్టు బిగించి, నట్టు మళ్లీ బిగించాను. స్టీరింగు కొంచెం అటూ ఇటూ ఊపితే ఆ పావు చుట్టు ఖాళీ లేదు! ఎంత సంబరపడ్డానో. అతను వచ్చాక చెప్పలేదు. ఆశ్చర్యపరుద్దామనుకున్నానా? బాగా నడిస్తేనే చెబుదామనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

గేటు మలుపులో స్టీరింగు పట్టేసింది. తిప్పింది వెనక్కి రాలేదు. ట్రాక్టరు కాపలా గదిని గుద్దింది. అదృష్టం, లోపల ఎవరూ లేరు. గుద్దుకోవడం వల్లే స్టీరింగు చెడిందనుకున్నారు అందరూ. పానా ఇంకా నా జేబులోనే ఉంది.

యాదగిరి దిగి అరచేతులు చూసుకున్నాడు. "గిట్లెట్లయింది సార్? ఇరవై ఏండ్ల సంది తోలుతున్న. నా చెయ్యే తప్పిందా?"

"వయసు మీద పడుతోంది కదా యాదగిరీ," అన్నాను.

"గంతే అయ్యుంటది," అన్నాడు.

ఆ వారంలోనే ట్యాంకరు యజమాని అతన్ని పని మాన్పించాడు.

తర్వాత ఒక మెకానిక్‌ను, ఎవరి సంగతో అన్నట్టు, అడిగాను. బండి ఎక్కువగా తిన్నగా పోతుంది గనుక బాక్సులో పళ్లు మధ్యలోనే అరుగుతాయట. అక్కడ ఖాళీ పోయేదాకా బిగిస్తే, పూర్తిగా తిప్పినప్పుడు అరగని చోట పట్టేస్తుందట. బిగించాక ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడాలట. ఎంత చక్కని సమాధానం, అనుకున్నాను ముందు. యాదగిరి తర్వాత గుర్తొచ్చాడు. ఇదీ ఒప్పుకోవలసిందే.

మొన్న మణికొండలో ఒక గేటు దగ్గర కనిపించాడు, కాపలాదారు దుస్తుల్లో. నవ్వుతూ సెల్యూట్ కొట్టాడు. మళ్లీ తోలడం లేదా అని అడిగాను.

"ఇగ స్టీరింగ్ పట్టాలంటే భయమైతది సార్."

చెప్పాలని నోరు తెరిచాను. పిల్లలెలా ఉన్నారని అడిగి వచ్చేశాను.

యాదగిరి చెయ్యి తప్పలేదు. బిగించింది నేను. మొదటి వాక్యంలోనే రాయవలసిన సంగతిని చివరికి నెట్టాను, అదీ అతనికి కాక మీకు రాశాను. అయినా రాశాను. పానాను సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టాను.