పొలిమేరకు ఆవల చిన్నమామ

ఈ ఏడు గంగమ్మ జాతరకు చాటింపు వేసిన మర్నాడు పొద్దున, మా మనవరాలు స్కూటరు తాళం వేలికి తిప్పుకుంటూ గడప దగ్గర నిలబడి, "చాటింపు అయిపోయిందంట గదవ్వా, నేను రేణిగుంటకు పోవచ్చునా, పోగూడదా?" అని నవ్వుతూ అడిగింది. దానికి అక్కడ ఏదో ఫ్యాక్టరీలో ఉద్యోగం, రోజూ పోయి వచ్చేదే, నన్ను ఆటపట్టించడానికి అడిగిన మాట. నేను మాత్రం కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

నా ఈడు తిరుపతివాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు గాని, చాటింపు డప్పు మోగిందంటే జాతర ముగిసేదాకా ఊళ్ళోవాళ్ళు పొలిమేర దాటకూడదు. బయటివాళ్ళు పగలు వచ్చి పోవచ్చు గాని రాత్రి నిద్ర చేయకూడదు. కాపలా కాసేవాళ్ళు లేరు, జరిమానా వేసేవాళ్ళు లేరు, అయినా దాటే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు, ఊళ్ళో అందరితోనూ తగాదా పెట్టుకునే మా నాయనకు కూడా.

చిన్నమామ మా అమ్మకు తమ్ముడు. పుట్టిన ఏడాదికే తల్లి పోతే మా అమ్మే చంకనేసుకుని పెంచిందట. మూడో ఏట అమ్మవారు పోసి ఒళ్ళంతా పొక్కులై, బతుకుతాడో లేదో అనుకున్నప్పుడు, బతికితే, జాతర వారంలో రోజుకొకటిగా కట్టే వేషాల్లో మాతంగి వేషం ప్రతి ఏడూ కట్టిస్తానని మొక్కుకుంది. బతికాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వచ్చిన వేసవికి ఆయనకు ఇరవై రెండేళ్ళు, రేణిగుంట జంక్షనులో రైళ్ళకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఉద్యోగం. అంత పొడుగు మనిషి మీసం తీయించుకుని, అమ్మ పసుపుపచ్చ పట్టుచీర కట్టి, కళ్ళకు కాటుక పెట్టి, వేపమండలు పట్టుకుని వీధిలోకి వస్తే, నాకంటే మామే చక్కగా ఉన్నాడని నేను ఏడ్చిన సంవత్సరం కూడా ఒకటుంది. మామూలు ఆదివారాల్లో సైకిలు మీద వచ్చి, మూడు సంగటి ముద్దలు తిని, నాలుగోది నా పళ్ళెంలోంచి లాక్కుని, నా చేత తిట్లు తిని సాయంత్రం బయలుదేరేవాడు. పాతబడిన పచ్చజెండా గుడ్డ ఒకటి నాకిచ్చి, అది నేను ఊపితే గాని సైకిలెక్కేవాడు కాదు. ఎప్పటికీ ఊపకపోతే ఇక్కడే ఉండిపోతాడు గదా అని ఒకసారి దాన్ని దాచిపెట్టాను కూడా.

ఆ ఏడు చాటింపుకు ముందే రావలసినవాడు రాలేదు. మర్నాడు, రేణిగుంట పక్క పల్లె నుంచి రోజూ పెరుగు తెచ్చే అవ్వ కబురు మోసుకొచ్చింది. మామ బదులు పని చేయవలసినవాడు రాలేదట, ఆదివారం మాతంగి వేషం నాటికి పొద్దున్నే వచ్చి, వేషం కట్టి, చీకటి పడకముందే వెళ్ళిపోతాడట. సరేననుకున్నాం. శుక్రవారం అవ్వ, ఒళ్ళు వెచ్చగా ఉందట అంది. శనివారం ఆమె గంప దించకముందే అమ్మ వీధిలోకి ఎదురు వెళ్ళింది.

"ఏం లేదులేమ్మా, ఎండదెబ్బ. మజ్జిగ తాగి పండుకోనుండాడు. చాటింపయినాక అక్క ఈడికి రాగూడదని మరీ మరీ చెప్పినాడు" అంది అవ్వ, అమ్మ మొహంలోకి చూడకుండా.

నాయన, అక్కడ రైల్వే డాక్టరు ఉన్నాడు గదా, మనం పోయి చేసేదేముందని అన్నాడు గాని, ఆ పూట అన్నం సగంలోనే లేచిపోయాడు.

ఆదివారం తెల్లవారకముందే అమ్మ చీర, గాజులు, వేపమండలు పీట మీద సిద్ధం చేసింది. వీధిలో సైకిలు గంట మోగినప్పుడల్లా నేను వాకిట్లోకి, అమ్మ నా వెనక. డప్పులతో, ఈలలతో ఎవరెవరి మాతంగులో మా ఇంటి ముందు నుంచి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం దాటాక అమ్మ నా చెయ్యి పట్టుకుని రేణిగుంట దారిన నడవసాగింది. పొలిమేర రాయి దగ్గర ఆగి, ఎండలో ఖాళీగా ఉన్న ఆ దారి వైపు చాలాసేపు చూసింది.

"పోదామా పాపా? ఆరు మైళ్ళే గదా" అంది.

తొమ్మిదేళ్ళ పిల్లను అడగవలసిన మాట కాదది. ఆ క్షణాన అడగడానికి ఆమెకు ఇంకెవరూ లేరు. "వద్దుమా, దాటితే గంగమ్మకు కోపమొస్తాది, మామకే ఏమన్నా అయితాది" అన్నాను. అమ్మ మనసులో ఉన్న భయమూ అదే అయ్యుండాలి. నా నోట వినేసరికి అమ్మవారే పలికినట్టు తోచిందేమో, చటుక్కున వెనక్కి తిరిగింది. తమ్ముడి కోసమే వెళ్ళాలనుకుంది, తమ్ముడి కోసమే ఆగిపోయింది.

సోమవారం అవ్వ, అట్లే ఉండాడని చెప్పి తొందరగా వెళ్ళిపోయింది. మంగళవారం జాతర నాడు రానే లేదు. జనంలో రాలేకపోయిందిలే అని ఒకరికొకరం చెప్పుకున్నాం. బుధవారం తెల్లవారి మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం చెంప నరికి జాతర ముగించాక, రోగాలకు మంచిదని అందరూ తీసుకునే ఆ మట్టిని అమ్మ కొంగున ముడి వేసుకుంది. నాయన జట్కా మాట్లాడాడు. పొలిమేర రాయి దాటుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను.

సగం దారిలో అవ్వ ఎదురొచ్చింది. నెత్తిన గంప లేదు. అది చూడగానే అమ్మ జట్కా ఆపమని కూడా అనలేదు, కొంగు ముడి పిడికిట బిగించి కిందికి దూకింది.

ముందురోజు సాయంత్రం పోయాడట. అక్కను రావద్దని చెప్పినవాడే, రోజూ పొద్దున అవ్వను "ఈపొద్దు ఊళ్ళో ఏం వేషం?" అని అడిగేవాడట. వేషాల లెక్కన, అక్క రావడానికి ఇంకా ఎన్ని రోజులో లెక్కపెట్టుకున్నాడని నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు. అర్థమైనప్పటి నుంచి జాతర వచ్చిందంటే నాకు నిద్ర ఉండదు.

పొలిమేర దగ్గర నేనన్న మాట అమ్మ ఎవరికీ చెప్పలేదు, నాతోనూ మళ్ళీ ఎత్తలేదు. మరుసటి ఏడు మాత్రం చాటింపుకు ముందురోజే రెండు చీరలు మూట కట్టుకుని వెళ్ళి, వారమంతా ఆ పెరుగవ్వ ఇంట్లో ఉండి వచ్చింది. అవ్వ పోయాక ఆమె కోడలి దగ్గర. కాళ్ళలో సత్తువ ఉన్నన్నాళ్ళూ, ఏటేటా అంతే. అక్కడ మావాళ్ళంటూ ఎవరూ లేరు. అయినా ఆ వారం ఆమె రాయికి అటువైపే ఉండాలి.

ఇప్పుడు ఆ రాయి ఏ దుకాణం కిందకు పోయిందో తెలియదు. ఇళ్ళు కలిసిపోయి, తిరుపతి ఎక్కడ ఆగి రేణిగుంట ఎక్కడ మొదలవుతుందో చెప్పలేము. ఒంట్లో బాగాలేదంటే ఫోనులో మొహం చూడవచ్చు, పావుగంటలో పక్కన వాలవచ్చు. ఆ రోజుల్లో జాతర వారమంతా ఊరు ఒక్క ఇల్లులా ఉండేది, దాన్ని తప్పు పట్టలేను. కానీ ఆ ఇంట్లోంచి ఒక్కడు బయట ఉండిపోయాడు.

గడప దగ్గర మనవరాలు ఇంకా నా జవాబు కోసమే చూస్తోంది.

"పోయిరా తల్లీ. ఎప్పుడూ నన్ను అడగొద్దు" అన్నాను.

అంత గట్టిగా ఎందుకన్నానో దానికి తెలియదు. నవ్వి స్కూటరెక్కింది. అది మలుపు తిరిగేదాకా నా చీర కొంగు ఊపుతూ వాకిట్లోనే నిలబడ్డాను.